ఎండకు కొంగు చాలునా? – చర్మ వైద్య ప్రశ్నోత్తరాలు

గత సంచికలో ముఖంపై వచ్చే మంగుకు, ఎండకు ఉన్న సంబంధాన్ని వివరిస్తూ, చర్మ క్యాన్సర్లలో చాలావాటికి కూడా ఎండలోని అతినీలలోహిత కిరణాలే కారణమని ఒక వాక్యం రాశాను. మంగు గురించి రాసినదంతా పక్కకు పోయి, వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం మీదనే వచ్చాయి. కొందరు భయపడుతూ రాశారు, కొందరు అదంతా తెల్లవారి జబ్బు కదా అని కొట్టిపారేస్తూ రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మకు యాభై రెండేళ్ళు. మిరప కోతకు, పత్తి తీతకు కూలికి వెళుతుంది. పెళ్ళయినప్పటి నుంచి ఎండలోనే పని. మీరు రాసింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. సన్‌స్క్రీన్ కొని తెస్తే "సినిమా వాళ్ళు పూసుకునేది నాకెందుకే" అని నవ్వి గూట్లో పెట్టేసింది. ఆమెకు క్యాన్సర్ వస్తుందా? నేనేం చేయాలి?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీరు నిద్ర మానుకోవలసినంత ప్రమాదం ఇందులో లేదు. చామనఛాయ, నలుపు చర్మం గల మనవారికి ఎండ వల్ల చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం ఐరోపా సంతతి వారితో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. చర్మం పైపొరలోని మెలనిన్ అనే రంగు పదార్థం ప్రతి కణంలోని కేంద్రకానికి గొడుగు పట్టినట్లు పైభాగాన పేరుకొని, అతినీలలోహిత కిరణాలు జన్యు పదార్థాన్ని తాకేలోపే వాటిని చాలావరకు పీల్చుకుంటుంది. 1979లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం నల్లజాతి వారి చర్మపు పైపొర సుమారు 13 ఎస్పీఎఫ్ (ఎండకు కందిపోకుండా లేపనం ఎన్ని రెట్లు కాపాడుతుందో తెలిపే సంఖ్య) గల లేపనంతో సమానమైన రక్షణ ఇస్తుండగా, తెల్లజాతి వారి పైపొర ఇచ్చే రక్షణ 3 కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే. మనవారిలో అధికులు ఈ రెంటికీ నడుమ ఉంటారు.

అయినా అవకాశం పూర్తిగా లేదని చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే సూర్యకిరణాలను మనుషులలో క్యాన్సర్ కలిగిస్తాయని నిశ్చయంగా తేలిన కారకాల జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసిన మనవారిలో అప్పుడప్పుడు కనిపించేది బేసల్ సెల్ కార్సినోమా అనే రకం చర్మ క్యాన్సర్. ముక్కు పక్కనో, కింది కనురెప్ప అంచునో, చెంప మీదనో మెరిసే చిన్న గింజలా మొదలవుతుంది. మనవారిలో తరచుగా నల్లగా ఉంటుంది కనుక పుట్టుమచ్చ అనుకుంటారు. నడుమ గుంటపడి పొక్కు కడుతుంది, ఆ పొక్కు ముఖం తుడుచుకునేటప్పుడు రాలి చిన్న రక్తపు చుక్క కనిపిస్తుంది, మానినట్లే మాని మళ్ళీ పొక్కు కడుతుంది. ఇది ఇతర అవయవాలకు పాకడం అత్యంత అరుదు గానీ, వదిలేస్తే ఉన్నచోటనే లోతుగా తినుకుంటూ పోతుంది. అమ్మగారి ముఖం మీద నాలుగు వారాలకు మించి మానని పొక్కు గానీ పుండు గానీ ఉందేమో మీరే ఒకసారి వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. లేకపోతే ఇప్పటికి నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక రక్షణ సంగతి. మీ అమ్మగారు పనికి బయలుదేరేటప్పటి కట్టును ఒకసారి గమనించండి. చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా, గుండీలు మెడ దాకా పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, దాని కొసను ముక్కు, నోటి మీదుగా తెచ్చి చెవి వెనుక దోపుకొని ఉంటారు. ఆకుల జిల, మిరప ఘాటు, పత్తి బుర్రల గీతలు తగలకుండా ఆడవారు తమకు తాముగా కనిపెట్టుకున్న ఈ కట్టు, అతినీలలోహిత కిరణాలకు చర్మ వైద్యులు సూచించే కట్టుతో దాదాపు సరిపోతుంది. నా ఉద్దేశంలో మీరు తెచ్చిన ట్యూబు కన్నా ఆ చొక్కా ఎక్కువ పని చేస్తోంది. అయితే చొక్కా బట్టను ఒకసారి సూర్యుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, అంతమేరకు కిరణాలు కూడా లోపలికి వస్తున్నట్లే. ఉతికి ఉతికి పలచబడిన తెల్ల నూలు బట్ట కన్నా చిక్కని నేత గల ముదురు రంగు బట్ట మేలు. చెమటకు తడిసి ఒంటికి అంటుకున్న పలచని నూలు బట్ట మరికాస్త ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది.

ఆ కట్టులో ఉన్న లోపం తువ్వాలుకు అంచు లేకపోవడం. తల, మెడ దాగుతాయి గానీ ముక్కు దూలం, చెంప ఎముకలు, కళ్ళు ఎండకే ఉంటాయి. తువ్వాలు మీద నాలుగు వేళ్ళ వెడల్పు అంచు గల తాటాకు టోపీ గానీ బట్ట టోపీ గానీ పెట్టుకుంటే ఆ లోపం తీరుతుంది. ముందువైపు మాత్రమే అంచు ఉండే క్రికెట్ టోపీ చెవులను, మెడను కాపాడదు.

పని వేళను మార్చుకోవడం కూలికి వెళ్ళేవారి చేతిలో ఎప్పుడూ ఉండదని నాకు తెలుసు. అయినా రోజు మొత్తంలో నేలకు చేరే అతినీలలోహిత కిరణాలలో సుమారు 60 శాతం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 గంటల లోపే చేరుతాయి కనుక, పొద్దు పొడవక ముందే మొదలుపెట్టి పదకొండింటికి చెట్టు కిందకు చేరే పాత పద్ధతి ఎక్కడ సాధ్యమైతే అక్కడ పాటించడం మంచిది. గడియారం అక్కరలేదు, నీడను చూసుకుంటే చాలు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాల తీవ్రత ఎక్కువ. ఏటా మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మిట్ట మధ్యాహ్నం నిలువు స్తంభానికి పక్కన నీడే కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే ఆ రోజుల్లో కిరణాల తీవ్రతను తెలిపే యూవీ ఇండెక్స్ మన ప్రాంతంలో 11 దాటుతుంది, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో చిట్టచివరి మెట్టు అన్నమాట. పని చోట నీడ కోరడం గొంతెమ్మ కోరికేమీ కాదు; 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూలులోనే తాగునీటితో పాటు విశ్రాంతికి నీడ ఏర్పాటు కూడా రాశారు.

గూట్లో పెట్టిన ట్యూబును వృథా చేయనక్కరలేదు. ఒళ్ళంతా కాక, బట్ట దాచని ముక్కు, చెంపలు, చెవుల పైభాగం, ముంజేతుల వెనుకభాగం వరకు పూయమనండి. మంగు పెరగకుండా కూడా ఉపయోగపడుతుందని చెబితే ఆమె ఒప్పుకోవచ్చు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే జుట్టు, కనుబొమలు, ఒళ్ళు తెల్లగా ఉన్నాయి. చూపు తక్కువ. ఊళ్ళో అందరూ బొల్లి అంటారు. ఆకు వైద్యుడు బావంచాల నూనె పూసి రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నాడు. పూస్తే ఒళ్ళంతా బొబ్బలెక్కాయి. మాది మేనరికం. రంగు వచ్చే మార్గం ఉందా?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

సమాధానం: అమ్మా, మొదట ఆ నూనెను ఈ రోజే ఆపేయండి. బాబుకు ఉన్నది బొల్లి కాదు, ఆల్బినిజం. బొల్లిలో మెలనిన్‌ను తయారుచేసే కణాలే మచ్చ పడిన మేరకు నశిస్తాయి. అందువల్ల మిగిలిన చోట మామూలు రంగు ఉంటుంది. ఆల్బినిజంలో ఆ కణాలు ఒంటినిండా ఉంటాయి గానీ, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున వచ్చిన లోపమున్న జన్యువుల వల్ల అవి రంగును తయారుచేయలేవు. మేనరికపు పెళ్ళిళ్ళలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ కనుక ఈ స్థితి కాస్త ఎక్కువగా కనబడుతుంది. ఇందులో మీ తప్పు గానీ, ఏ శాపం గానీ లేదు. రంగు తెప్పించే మందు నేటికీ లేదు. బావంచాలలో ఉండే సోరాలెన్ అనే పదార్థం చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది. మెలనిన్ అండ బొత్తిగా లేని చర్మానికి దాన్ని పూసి ఎండలో కూర్చోబెట్టడం చేజేతులా కాల్చడమే.

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఎండ నుంచి రక్షణ అత్యవసరమైనది మీ బాబుకే. ఆల్బినిజం ఉండి ఎండలో తిరుగుతూ పెరిగినవారిలో ఇరవై, ముప్పై ఏళ్ళకే చర్మ క్యాన్సర్ కనిపించవచ్చు. చిన్ననాటి నుంచి జాగ్రత్తగా కాపాడిన వారిలో దాన్ని చాలావరకు అడ్డుకోవచ్చు. బడికి వెళ్ళేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, మెడ కూడా దాగే వెడల్పు అంచు టోపీ తప్పనిసరి. బడిలో టోపీ తీయమంటే, చర్మ వైద్యుని చీటీ ఒకటి తీసుకొని ప్రధానోపాధ్యాయుల వారికి ఇవ్వండి. ప్రార్థన సమయంలో వరండాలో నిలబడేందుకు, మొదటి బల్లలో కూర్చునేందుకు, వ్యాయామం పీరియడు ఉదయం పూటకు మార్చేందుకు కూడా అందులోనే రాయించండి. ముఖానికి, చేతులకు 30కి తగ్గని ఎస్పీఎఫ్ గల సన్‌స్క్రీన్ బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు పూసి, మధ్యాహ్నం భోజనం తరువాత మళ్ళీ పూయాలి. పెదవులకు కూడా రాయడం మరచిపోకండి.

కళ్ళను కంటి వైద్యులకు చూపించండి. ఆల్బినిజంలో చూపు తగ్గడం, కళ్ళు అటూ ఇటూ కదలడం, వెలుతురు భరించలేకపోవడం మామూలే. అద్దాలతో కొంత మెరుగవుతుంది, రంగు అద్దాలు వెలుతురు బాధను తగ్గిస్తాయి. చూపు లోపం నిర్ణీత స్థాయిలో ఉంటే దివ్యాంగుల ధ్రువీకరణ పత్రానికి అర్హత ఉంటుంది కనుక జిల్లా ఆసుపత్రి శిబిరంలో అడగండి. ఏడాదికి రెండుసార్లు చర్మ వైద్యుని వద్ద ఒళ్ళంతా పరీక్ష చేయించండి. చదువు విషయంలో ఒక్క మాట: పొలం పనికి గానీ, తిరుగుడు పనికి గానీ కాకుండా నీడపట్టున చేసే ఉద్యోగం వైపు ఇప్పటి నుంచే బాబును నడిపించడం కూడా చికిత్సలో భాగమే.

బొల్లి ఉన్న మరో ఇద్దరు పాఠకులు ఇదే శీర్షికకు రాశారు. వారికి భయం అక్కరలేదు. బొల్లి ఉన్నవారిలో చర్మ క్యాన్సర్ ఇతరుల కన్నా ఎక్కువగా రావడం లేదని, పైగా తక్కువగానే వస్తోందని ఐరోపాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. మచ్చలు ఎండకు త్వరగా కందిపోతాయి కనుక వాటి మీద సన్‌స్క్రీన్ వాడితే చాలు. ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే 311 నానోమీటర్ల కాంతి చికిత్సను, ఇంట్లో నూనె పూసుకొని ఎండలో కూర్చోవడాన్ని ఒకే గాటన కట్టవద్దు.

ప్రశ్న: హైటెక్ సిటీలో ఉద్యోగం. స్కూటీ మీద రానూపోనూ గంటన్నర. 50 ఎస్పీఎఫ్ సన్‌స్క్రీన్ ఆరు నెలలుగా వాడుతున్నాను, అయినా ముఖం నల్లబడుతోంది. సన్‌స్క్రీన్‌లోని రసాయనాల వల్లే క్యాన్సర్ వస్తుందని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మానేయమంటారా?
– హైదరాబాద్

సమాధానం: ఆరు నెలలుగా వాడుతున్నానన్నారు, ఎన్ని ట్యూబులు అయిపోయాయో రాయలేదు. ఒక్కటే అయితే కారణం అక్కడే ఉంది. ప్రయోగశాలలో ఎస్పీఎఫ్‌ను కొలిచేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల లేపనం పూస్తారు. ముఖానికి, మెడకు ఆ లెక్కన గ్రాముకు పైగా కావాలి. చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలుగా పిండితే వచ్చేది సుమారుగా అంత. 50 గ్రాముల ట్యూబు రోజుకొకసారి వాడినా నెలా పది రోజుల్లో ఖాళీ కావాలి. శనగగింజంత తీసి ముఖమంతా సర్దితే డబ్బా మీద 50 అని ఉన్నా చర్మానికి అందేది అందులో చిన్న భాగమే.

30 ఎస్పీఎఫ్ గల లేపనం సరిగ్గా పూస్తే చర్మాన్ని కమిలించే యూవీ-బి రకం అతినీలలోహిత కిరణాలలో 97 శాతాన్ని, 50 ఎస్పీఎఫ్ గలది 98 శాతాన్ని ఆపుతుంది. ఖరీదైన 50 కొని పొదుపుగా పూయడం కన్నా చవకైన 30 కొని ధారాళంగా పూయడం మేలనడానికి ఇదే కారణం. ముఖం నల్లబడటంలో యూవీ-ఎ అనే మరో రకం కిరణాల పాత్ర ఎక్కువ. వాటి నుంచి రక్షణ ఎంతో డబ్బా మీద పీఏ పక్కన ఉండే ప్లస్ గుర్తులు చెబుతాయి, మూడు గానీ నాలుగు గానీ ఉన్నది ఎంచుకోండి. మంగు కూడా ఉంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమ రంగు రకం మంచిది, ఎందుకంటే మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. ఉదయం ఎనిమిదికి పూసింది సాయంత్రం ఆరు దాకా నిలవదు. మధ్యాహ్నం ఎండలో బయటకు వెళితే మళ్ళీ పూయాలి. ఏసీ గదిలో కిటికీకి దూరంగా కూర్చునేవారు ప్రతి రెండు గంటలకూ పూసుకోనవసరం లేదు. కిటికీ పక్కన కూర్చునేవారి సంగతి వేరు, మామూలు అద్దం యూవీ-బిని ఆపుతుంది గానీ యూవీ-ఎలో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది.

వాట్సాప్ మాటకు మూలం ఒకటుంది. 2021లో అమెరికాలో కొన్ని స్ప్రే రకం సన్‌స్క్రీన్లలో బెంజీన్ అనే హానికర పదార్థం ఆనవాళ్ళు కనబడి, తయారీదారులు వాటిని వెనక్కు తీసుకున్నారు. అది తయారీలో చేరిన మలినం, సన్‌స్క్రీన్‌లో కలిపే దినుసు కాదు. సన్‌స్క్రీన్ క్యాన్సర్‌ను తెస్తుందా, ఆపుతుందా అనే ప్రశ్నకు సూటి సమాధానం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం నాంబూర్ పట్టణంలో దొరికింది. 1992లో అక్కడ 1,621 మంది పెద్దలను చీటీ పద్ధతిన రెండుగా విడదీసి, ఒక వర్గం వారికి ప్రతిరోజూ సన్‌స్క్రీన్ పూసుకొమ్మని ఉచితంగా ఇచ్చారు, రెండో వర్గం వారిని వారి అలవాటుకు వదిలేశారు. నాలుగున్నరేళ్ళ తరువాత చూస్తే, రోజూ పూసుకున్నవారిలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తక్కువగా ఉన్నాయి. మరో పదేళ్ళు గమనించాక ప్రాణాంతకమైన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కూడా వారిలో దాదాపు సగమే ఉన్నట్లు తేలింది. అది తెల్లజాతి వారి మీద జరిగిన పరీక్ష, అంత లాభం మన చర్మానికి ఉంటుందని నేను చెప్పను. కానీ సన్‌స్క్రీన్ క్యాన్సర్‌ను తెస్తుందన్న మాటకు మాత్రం అది గట్టి జవాబు. మానేయవద్దు, హెల్మెట్ అద్దం దించుకొని, చేతులకు పొడుగు తొడుగులు వేసుకొని నడపండి.

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి బడిలో టోపీ లేకపోతే మైదానంలోకి రానివ్వరు. మనది చామనఛాయ కదా, తెల్లవారికి పెట్టిన నియమాలు మనకెందుకని మావారి వాదన. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారేమో పిల్ల నల్లబడుతుందని శీతాకాలంలో కూడా ఎండలోకి పోనివ్వరు. ఎవరి మాట వినాలి?
– మెల్‌బోర్న్

సమాధానం: మీ వారి మాట సగం, మీ అత్తగారి మాట సగం నిజం, కాకపోతే ఇద్దరూ చెరొక కాలానికి చెప్పవలసింది తారుమారుగా చెబుతున్నారు.

ఆస్ట్రేలియాలో డెబ్బై ఏళ్ళు వచ్చేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ నిర్ధారణ అవుతుందని అక్కడి ఆరోగ్య సంస్థలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. ఐరోపా నుంచి వలస వచ్చిన తెల్లని చర్మం మీద ఆ అక్షాంశాల ఎండ పడటమే అందుకు మూలం. దానికి తోడు భూమి ఏటా జనవరి మొదట్లో సూర్యునికి అత్యంత సమీపానికి వస్తుంది, అది దక్షిణార్ధగోళంలో నడివేసవి. గాలిలో దుమ్ము, పొగ తక్కువ కావడం వల్ల కూడా కిరణాలు వడకట్టబడకుండా దిగుతాయి. ఈ పరిస్థితిని ఎదుర్కోవడానికి విక్టోరియా రాష్ట్ర క్యాన్సర్ సంస్థ 1981లో సిడ్ అనే సముద్రపక్షి బొమ్మతో చొక్కా తొడుగు, లేపనం పూయి, టోపీ పెట్టు అని చిన్న పాట తెచ్చింది; నీడ వెతుకు, నల్లద్దాలు పెట్టు అనే మాటలు 2007లో చేరాయి. చర్మాన్ని కృత్రిమంగా కమిలించుకునే సోలారియం దుకాణాలను 2015 నాటికి దాదాపు దేశమంతటా నిషేధించారు. ఒక దేశం బడిపిల్లల టోపీ దగ్గర మొదలుపెట్టి చట్టాల దాకా ఎండ విషయాన్ని పట్టించుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మీ అమ్మాయికి అక్కడి తెల్లపిల్లలకున్నంత ప్రమాదం లేదు. కానీ బడి టోపీ కాపాడేది ఒక్క చర్మాన్నే కాదు. కంటిలో కండ పెరగడానికి, శుక్లాలకు అతినీలలోహిత కిరణాలు కారణమవుతాయి, అక్కడ చర్మపు రంగు అడ్డుపడదు. అక్కడి యూవీ ఇండెక్స్ 3 దాటే నెలల్లో, అంటే ఆగస్టు నడిమి నుంచి ఏప్రిల్ చివరి దాకా, టోపీ పెట్టించండి, సముద్రం ఒడ్డుకు వెళ్ళినప్పుడు సన్‌స్క్రీన్ పూయండి. తడి లేని సముద్రపు ఇసుక కిరణాలలో సుమారు 15 శాతాన్ని, నురగ సుమారు 25 శాతాన్ని తిప్పి పైకి పంపుతాయి కనుక గొడుగు కింద కూర్చున్నా ముఖం కములుతుంది. ఎండ చల్లగా ఉందని మోసపోవద్దు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. పలచని మబ్బు వాటిని పెద్దగా ఆపదు.

మే నుంచి ఆగస్టు మొదటి వారాల వరకు మెల్‌బోర్న్‌లో ఇండెక్స్ 3 లోపే ఉంటుంది. అప్పుడు టోపీ అక్కరలేదు, పైగా ముదురు రంగు చర్మానికి విటమిన్-డి తయారవడానికి ఎక్కువ సేపు ఎండ కావాలి కనుక, మధ్యాహ్నం పూట ముఖం, చేతులు ఎండ తగిలేలా పాపను ఆడుకోనివ్వాలి. మీ అత్తగారికి ఈ మాట పెద్దరికానికి భంగం రాకుండా చెప్పండి. పిల్ల నల్లబడుతుందనే భయాన్ని ఆరోగ్య కారణంగా నేను ఒప్పుకోలేను; రంగు ముదరడం ఎండ తగిలిందనడానికి గుర్తు అవునే గానీ, పిల్ల రంగు తగ్గించడం రక్షణ లక్ష్యం కాదు. అత్తగారికి విటమిన్-డి పరీక్ష మీ కుటుంబ వైద్యుని వద్ద చేయించండి, వయసు పైబడినవారిలో చర్మం దాన్ని తక్కువగా తయారుచేస్తుంది.

ప్రశ్న: చిన్నప్పుడు కుంపటి మీద పడి కుడి మోకాలి వెనుక కాలింది. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఆ మచ్చ మధ్యలో ఐదు నెలలుగా పుండు. పసరు కట్టాను, పసుపు పెట్టాను, ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్లు ఇచ్చారు. మానలేదు, అంచులు పువ్వులా లేచాయి, వాసన వస్తోంది. ఎండ వల్లనా?
– ప్రకాశం జిల్లా

సమాధానం: ఎండ వల్ల కాదు. అయినా మీ ఉత్తరాన్ని ముందుకు తెచ్చి వేస్తున్నాను, ఎందుకంటే ఈ శీర్షిక చదివి మీరు చేయవలసింది ఒక్కటే: ఈ వారంలోనే పెద్దాసుపత్రికి వెళ్ళి పుండు అంచు నుంచి ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేయించుకోవాలి. పాత కాలిన మచ్చల్లో, ముఖ్యంగా కీళ్ళ దగ్గర మడతపడి తరచూ చీలే మచ్చల్లో, దశాబ్దాల తరువాత స్క్వామస్ సెల్ కార్సినోమా పుట్టవచ్చు. 1828లో ఇలాంటి పుండ్లను వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ పేరుతో దీన్ని మార్జోలిన్ పుండు అంటారు. మీది అదేనని పరీక్ష కాకుండా చెప్పలేను, కానీ మీరు రాసిన ప్రతి లక్షణమూ అనుమానించదగ్గదే. గుంటూరు సర్వజన ఆసుపత్రికి వెళ్ళవచ్చు. ఆరోగ్యశ్రీ తరహా ప్రభుత్వ పథకంలో చికిత్సకు అవకాశం ఉంటుంది కనుక కార్డు వెంట తీసుకువెళ్ళండి. త్వరగా తేలితే పుండు చుట్టూ కొంత మేర కోసి తీసి, తొడ చర్మం అతికించడంతో సరిపోతుంది. ఆలస్యమైతే గజ్జల్లోని గ్రంథులకు పాకుతుంది.

ఇదే జాతికి చెందిన మరో పుండు గురించి ఆడవారికి చెప్పాలి. చీర కింద లంగా బొందు ఏళ్ళ తరబడి నడుము మీద ఒకే చోట బిగుసుకొని ఒరుసుకోవడం వల్ల పుండుపడి, అది క్యాన్సర్‌గా మారిన ఉదంతాలు మన దేశం నుంచే వైద్య పత్రికలలో వెలువడ్డాయి. చాలా అరుదు. అయినా నడుము చుట్టూ నల్లని చార, దురద, పొట్టు ఉన్నవారు సన్నని బొందుకు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోవడం, కాస్త వదులుగా కట్టుకోవడం మంచిది.

ప్రశ్న: అరికాలులో నల్ల మచ్చ ఏడాదిగా పెరుగుతోంది. ఎండ తగలని చోటు కదా, క్యాన్సర్ కాదనుకోవచ్చా?
– కరీంనగర్

సమాధానం: అనుకోకూడదు. మన వంటి ముదురు చర్మం గలవారిలో మెలనోమా వస్తే ఎక్కువగా వచ్చేది ఎండ తగలని అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కిందనే. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్ళకే మరణించడానికి కారణమైన మెలనోమా ఆయన కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది. ఎండ రక్షణ దీన్ని ఆపలేదు. గమనింపు ఒక్కటే ఆధారం. పాత ముల్లు, ఆనెకాయలో గడ్డకట్టిన రక్తం కూడా నల్లగానే కనిపిస్తాయి కనుక భయపడవద్దు, కానీ ఏడాదిగా పెరుగుతున్న మచ్చను చర్మ వైద్యులు మచ్చను పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ అనే పరికరంతో చూడాలి. దాన్ని బ్లేడుతో గీకడం, ఆనెకాయల పట్టీ అంటించడం చేయవద్దు. చాలా గోళ్ళ మీద సన్నని నల్ల గీతలు మనవారిలో మామూలే. ఒక్క గోరు మీదనే గీత వెడల్పవుతూ గోటి మొదలు చర్మం దాకా నలుపు పాకితే చూపించుకోవాలి.

ప్రశ్న: పదేళ్ళుగా బీపీ మాత్ర వాడుతున్నాను. దానివల్ల చర్మ క్యాన్సర్ వస్తుందని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. ఆపేశాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మాస్టారూ, ముందు మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, ఆ తరువాత మిగతాది చదవండి. మీ అబ్బాయి చూసింది హైడ్రోక్లోరోథయజైడ్ గురించి అయి ఉంటుంది. పేరు చివర హెచ్ అక్షరం ఉండే బీపీ మాత్రలు చాలావాటిలో ఇది కలిసి ఉంటుంది. దీన్ని ఏళ్ళ తరబడి వాడిన డెన్మార్క్ ప్రజలలో చర్మ క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయని తేలడంతో 2018లో ఐరోపా ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఆ లెక్కలు తెల్లని చర్మానివి. మీ వయసులో బీపీ అదుపు తప్పి పక్షవాతం వచ్చే ప్రమాదం ఈ చర్మ క్యాన్సర్ కన్నా ఎంతో పెద్దది. ఉదయపు నడకకు పొడుగు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి. చర్మం మీద పొట్టు రాలే గరుకు మచ్చలేవైనా ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు వైద్యునికి చూపండి, మాత్ర మార్చాలో లేదో ఆయన నిర్ణయిస్తారు. మూత్రపిండం మార్పిడి చేయించుకొని రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వాడేవారి విషయం ఇంత తేలిక కాదు; వారు ఎండ రక్షణను మాత్రలతో సమానంగా పాటించాలి.

ప్రశ్న: ఒకరు ఎండ కావాలంటారు, ఒకరు వద్దంటారు. అన్నీ కప్పుకుంటే విటమిన్-డి మాటేమిటి? నాకు ఎముకల నొప్పులున్నాయి, మందుల షాపులో అడిగి వారానికొకటి వేసుకునే పొడి పొట్లం రోజూ వేసుకుంటున్నాను.
– గృహిణి, విజయవాడ

సమాధానం: అమ్మా, ఆ పొట్లం ఒక్కొక్కటిలో సాధారణంగా 60,000 యూనిట్ల విటమిన్-డి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం రోజుకు కావలసింది 600 యూనిట్లు. మీరు రోజుకు నూరు రోజుల మోతాదు వేసుకుంటున్నారు. వెంటనే ఆపి, రక్తంలో విటమిన్-డి, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. కాల్షియం ఎక్కువైతే వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మూత్రపిండాలకు దెబ్బ ఉంటాయి. ఇప్పటికే అలాంటివి ఉంటే పరీక్షల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

విటమిన్-డి కోసం గంటల కొద్దీ మాడనక్కరలేదు. దాన్ని తయారుచేసేది యూవీ-బి కనుక ఏడు గంటల లేత ఎండలో అది అంతగా దొరకదు. పది తరువాత ఇంటి పనుల్లో భాగంగానే, బట్టలు ఆరేసేటప్పుడో, వడియాలు పెట్టేటప్పుడో, చేతులు, పాదాలు, ముఖం ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఎండలో ఉంటే మన ప్రాంతంలో చాలామందికి సరిపోతుంది. అది కూడా వారంలో మూడు నాలుగు రోజులు చాలు. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే యూవీ-బి అందదు కనుక లాభం లేదు. మంగు ఉన్నవారు ముఖాన్ని కప్పుకొని ముంజేతులను ఎండకు ఉంచవచ్చు. పరీక్షలో లోపం నిజంగా తేలితే వైద్యులు అదే పొట్లాన్ని వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా ఎనిమిది వారాలు రాస్తారు. పాలలో గానీ, నెయ్యి ఉన్న భోజనం తరువాత గానీ వేసుకోవాలి, గడువు పూర్తయ్యాక షాపులో అడిగి కొనసాగించకూడదు.